ముందే కట్టేసిన కాలువ

బంతి అందుకోవాలి, పక్కవాళ్ళకి ఇవ్వాలి. ఆట అంతే. పాట ఆగేసరికి బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు లేచి ఒక పద్యమో, పొడుపుకథో చెప్పాలి. తాడేపల్లిగూడెం ఊరి చివర మేముండే వృద్ధాశ్రమంలో శివరాత్రి వెళ్ళిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా వారానికి మూడు రోజులు ఇలాంటివి పెడతారు. వసంతకాలం యాక్టివిటీలు అని నోటీసు బోర్డు మీద రంగు పెన్నుతో రాస్తారు. బొమ్మలకి రంగులు వెయ్యడం, కాగితం పూలు చెయ్యడం, కుర్చీలో కూర్చునే చేతులూ కాళ్ళూ ఆడించడం. ముప్పై అయిదేళ్ళావిడ ఒకరు ఏలూరు నుంచి బస్సులో వచ్చి ఇవన్నీ చేయిస్తారు. అందరం ఆవిణ్ణి మేడమ్ అంటాం.

నాకు ఈ ఆటలంటే ఒళ్ళుమంట. డెబ్భై ఒకటో ఏట నా చేత చిలక బొమ్మకి ఆకుపచ్చ రంగు వేయించి చప్పట్లు కొట్టడమేమిటి? మొదటి రెండేళ్ళూ తలనొప్పి అని చెప్పి గదిలో పడుకునేదాన్ని. కిందటి ఏడు మాత్రం అందరికంటే ముందు వెళ్ళి రెండు కుర్చీలు పట్టుకునేదాన్ని, ఒకటి నాకు, ఒకటి మా ఆయనకి. పాట మొదలవకముందే చప్పట్లు కొట్టేదాన్ని. నా అవసరం అలాంటిది.

ఆయన కాలువల మీద లస్కరుగా పనిచేశారు. ఉంగుటూరు వైపు కాలువ గట్టు మీద సైకిలు వేసుకుని తిరుగుతూ, పై నుంచి ఏ ఉత్తర్వు వస్తే ఆ ప్రకారం తూము తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. గట్టు పక్కనే క్వార్టరు. అక్కడే ముప్పై ఏళ్ళు కాపురం చేశాం. పిల్లలు లేరు. ఆయనకి మతిమరుపు మొదలై, నాకు మోకాళ్ళు అరిగి, ఇద్దరం కలిసే ఈ ఆశ్రమానికి వచ్చాం. మొదటి రెండేళ్ళూ బాగానే ఉన్నారు. పేపరు తిరగేసేవారు. భోజనాల గంట కొడితే నా చెయ్యి పట్టుకుని వచ్చేవారు.

కిందటి ఏడు శివరాత్రి తరవాత కుళాయిలు విప్పడం మొదలుపెట్టారు.

ఒకటీ రెండూ కాదు, ఎన్ని కనపడితే అన్ని. స్నానాల గదుల్లోవి, వంటింటి వెనక గిన్నెలు తోమే దగ్గరవి, దొడ్లో మొక్కల దగ్గరవి. విప్పి, పక్కన నిలబడి, నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తారు. ఏమిటండీ ఇదంటే, "శివారుకి నీరు అందలేదే. ఎగువోళ్ళే తోడేసుకుంటున్నారు," అనేవారు. ఆయన లెక్కలో అది దాళ్వా, అంటే రెండో పంట, చివరి తడుల కాలం. ఆ తడులు అయ్యాక జూను దాకా కాలువలు కట్టేస్తారు, నీళ్ళు వదలరు. నీళ్ళు తక్కువున్న ఏడు కాలువ మీద వంతులు పెడతారు. ఈ నాలుగు రోజులూ ఈ తూము, తరవాత నాలుగు రోజులూ ఆ తూము. వంతులెన్ని పెట్టినా కొల్లేటి వైపు చిట్టచివరి చేలకి నీళ్ళు చేరేవి కావు. ఆ రైతులు మా వాకిట్లోకి వచ్చి దణ్ణాలు పెట్టేవారు, కొందరు తిట్టేవారు. ఉద్యోగం మానేసిన ఇన్నేళ్ళకి ఆ శివారు రైతులు మళ్ళీ ఆయన బుర్రలోకి వచ్చి కూర్చున్నారు.

పై ట్యాంకు రెండుసార్లు ఖాళీ అయిపోయింది. సూపర్‌వైజర్ గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. మంచి మనిషే. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పారు.

"అమ్మా, ఇది ఎవరి పనులు వాళ్ళు చేసుకోగలిగేవాళ్ళ కోసం పెట్టిందండీ. బాబాయిగారి లాంటివాళ్ళకి ఏలూరులో మనదే ఇంకో ఇల్లుంది. అక్కడ నర్సులు ఉంటారు."

"నేనూ వెళ్తానండీ."

"అక్కడ మగవాళ్ళనే తీసుకుంటారమ్మా."

నలభై ఎనిమిదేళ్ళలో మేం విడిగా పడుకున్న రాత్రులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సిగ్గు విడిచి సూపర్‌వైజర్ గారిని బతిమాలుకున్నాను. చివరికి ఒక మాటన్నారు. శ్రీరామనవమి వెళ్ళాక డాక్టరు గారు వచ్చి చూస్తారు. ఈలోగా నలుగురితో కలిసి కూర్చుంటున్నారని, చెప్పిన పని చేస్తున్నారని మేడమ్ రిజిస్టర్లో రాస్తే ఇక్కడే ఉంచుదాం. కుళాయిల జోలికి మాత్రం వెళ్ళకూడదు.

అలా బంతి ఆట మా ఇద్దరికీ చావుబతుకుల పరీక్ష అయిపోయింది.

మొదటి రోజు బంతి ఆయన చేతికి రాగానే గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. నేను పక్కనుంచి మోచేత్తో పొడిచాను. ఆయన లేచి, పక్కవాళ్ళకి ఇవ్వకుండా, మధ్యలోంచి అడ్డంగా నడుచుకుంటూ పోయి, అందరికంటే చివర కూర్చున్న సాయిబుగారి ఒళ్ళో పెట్టారు. సాయిబుగారు ఏలూరులో దర్జీ పని చేసి వచ్చిన పెద్దాయన, మా ఇద్దరికీ అక్కడున్న ఒకే ఒక్క స్నేహితుడు. "నాకెందుకండీ అంత దూరం తెచ్చేరు?" అని ఆయన నవ్వితే, "మీది కాలవ చివరి బోదె కదండీ. మీకు ముందివ్వకపోతే ఇంకెప్పటికీ రాదు," అన్నారు ఈయన. అందరూ పకపకా నవ్వారు. మేడమ్ కూడా నవ్వి రిజిస్టర్లో టిక్కు పెట్టారు. ఆ టిక్కు చూసి నేను ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

రంగుల రోజు ఆయన బొమ్మకీ నా బొమ్మకీ నేనే రంగులు వేశాను. ఆయన వేళ్ళ మధ్య పెన్సిలు పెట్టి పైన నా చెయ్యి వేసి దిద్దించినట్టు నటించాను. మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, నా ముఖంలోకి ఒకసారి చూసి, రెండింటికీ మార్కు వేశారు. ఒకరోజు మినీబస్సులో మమ్మల్నందర్నీ కొల్లేరు తీసుకెళ్ళి గూడబాతుల్ని చూపించారు. చెట్ల నిండా తెల్లగా పక్షులు, గూళ్ళల్లో పిల్లలు. మా వాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తుంటే ఆయన వంగి కింద నీళ్ళు చూస్తున్నారు. "ఇదంతా మన కాలవల్లోంచి వచ్చిన మురుగేనే," అని మాత్రం అన్నారు. పక్షులు ఎలా ఉన్నాయని మేడమ్ అడిగితే నేనే అందుకుని, చాలా బాగున్నాయంటున్నారండీ అని చెప్పేశాను. అబద్ధాలు అలా చిన్నచిన్నవిగా అలవాటయ్యాయి.

ఉగాదికి నాలుగు రోజుల ముందు, తెల్లారేసరికి మళ్ళీ ట్యాంకు ఖాళీ. ముప్పై మంది ముసలివాళ్ళకి ముఖం కడుక్కునేందుకు కూడా నీళ్ళు లేవు. నేను పరుగెత్తలేక పరుగెత్తి దొడ్లోకి వెళ్ళాను. ఆయన మొక్కల దగ్గర కుళాయి పట్టుకుని నిలబడ్డారు. చివరి ధార సన్నగా కారుతోంది. వెనకనుంచి సూపర్‌వైజర్ గారి చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఆ క్షణంలో నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

"ఏవండీ, కాలవలు కట్టేసేరండీ."

ఆయన నా వైపు తిరిగారు. ఎన్నో నెలల తరవాత ఆ కళ్ళు సూటిగా, తెలివిగా నన్ను చూశాయి.

"అప్పుడేనా? ఇంకో తడి కావాలి కదే చేలకి?"

"ఈ ఏడు ముందే కట్టేసేరంట. గోదాట్లో నీళ్ళు లేవంట."

"చెరువులు నింపేకేనా కట్టింది?"

"ఏమోనండీ, అదేం తెలీదు. పదండి, కాఫీ ఇస్తున్నారు."

ఆయన కుళాయి తిప్పి బిగించారు. రెండు చేతులతో, తూము తలుపు దించినంత శ్రద్ధగా. ఆ తరవాత ఆయన మళ్ళీ ఒక్క కుళాయి కూడా విప్పలేదు.

నా తెలివికి నేనే మురిసిపోయాను. మందులకీ డాక్టర్లకీ లొంగనిది ఒక్క ముక్కతో లొంగింది. సూపర్‌వైజర్ గారు కూడా మెచ్చుకున్నారు. ఉగాది ముందురోజు వేపపువ్వు బాగుచేసే పని మా వరసకి ఇచ్చారు. ఆయన నా పక్కన కూర్చుని ఈనెలు ఏరుతుంటే, ఇంకేముంది, గట్టెక్కేశాం అనుకున్నాను. రిజిస్టర్లో వరసగా అయిదు టిక్కులు.

మరి ఆయన నీళ్ళు మానేస్తున్నారని నేను ఎప్పుడు గమనించాను? ఉగాది పచ్చడి చేతిలో వేస్తే నాకి ఊరుకున్నారు, పైన నీళ్ళు తాగలేదు. ఘాటు తగిలి ఉండదులే అనుకున్నాను. మర్నాడు మాత్రలు ఒట్టినే మింగబోయి ఉక్కిరిబిక్కిరయ్యారు. గ్లాసు నోటి దగ్గర పెడితే ఒక గుక్క తాగి, మిగతాది మంచం కింద జాగ్రత్తగా పెట్టి, పైన పళ్ళెం మూత పెట్టారు. వంగి చూస్తే అక్కడ అలాంటివి మూడు గ్లాసులున్నాయి.

"ఏంటండీ ఇది?"

"చెరువు నింపకుండా కట్టేసేరు కదే. జూను దాకా ఈ నీళ్ళే రావాలి. నువ్వు తాగు. నాకు దాహం లేదు."

అప్పుడు అర్థమైంది. ఆయన ఆ రోజు అడిగిన ప్రశ్న అప్పుడు అర్థమైంది.

కాలువలు కట్టేసే ముందు ఊళ్ళల్లో మంచినీళ్ళ చెరువులన్నీ నింపుతారు. వేసవి రెండు నెలలూ తాగడానికి అవే నీళ్ళు. చెరువు నిండిందని రాయించుకుని వచ్చేదాకా ఆయన తూము దించేవారు కాదు. చెరువులు నిండకుండా కట్టేసిన ఏడు ఎలా ఉంటుందో నాకు తెలియదా? బిందెలు పట్టుకుని క్యూలో నిలబడ్డదాన్ని. ముప్పై ఏళ్ళు గట్టు మీద బతికినదాన్ని. వేరే ఎవరైనా తెలియక అన్నారంటే అర్థముంది. నింపేకే కట్టేరండీ అని ఒక్క మాట అనాల్సిన చోట, కాఫీ చల్లారిపోతుందని, ఏమోనండీ అన్నాను.

"నింపేరండీ, నింపేరు. మన ఊరి చెరువు నిండుగా ఉందంట, ఇప్పుడే చెప్పేరు," అన్నాను.

ఆయన జాలిగా చూశారు. "కట్టేసేక ఎలా నింపుతారే, పిచ్చిదానా?"

అన్నీ మరిచిపోయే మనిషి ఆ ఒక్క మాట ఎందుకు మరిచిపోలేదో ఆ దేవుడికే తెలియాలి. భోజనం ఏ పూట తిన్నారో గుర్తుండదు. నా పేరు రోజు విడిచి రోజు గుర్తుండదు. కాలువ కట్టేశారన్నది మాత్రం బుర్రలో నాటుకుపోయింది. మజ్జిగన్నం పెడితే మెతుకులు ఏరుకు తిని, మజ్జిగ నా గిన్నెలో వంచేవారు. శ్రీరామనవమికి పానకం ఇస్తే సాయిబుగారి గ్లాసులో పోసేశారు. రోజు మొత్తానికి అరగ్లాసు కూడా లోపలికి పోయేది కాదు. పెదవులు పగిలాయి. లేచి నిలబడితే తూలేవారు. నేను తిట్టాను, ఏడ్చాను, ఒట్టేయించుకున్నాను. ఒకసారి ముక్కు మూసి బలవంతంగా పొయ్యబోయాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఒలకబొయ్యకే," అన్నారు. అంతే అన్నారు. ఆ రోజు నా మీద నేనే ఉమ్మేసుకోవాలన్నంత అసహ్యం వేసింది.

సూపర్‌వైజర్ గారికి చెప్పలేదు. చెబితే అప్పటికప్పుడే ఏలూరు పంపేస్తారని భయం. మేడమ్‌కి చెప్పాను, అదీ సగమే. ఎవరో కాలువలు కట్టేశారని ఆయనతో అన్నారట అన్నాను. ఎవరో!

మేడమ్ రిజిస్టరు తెరిచి, "అయితే మళ్ళీ వదిలేద్దామండీ పిన్నిగారూ," అన్నారు. "ఈ వారం యాక్టివిటీ అదే పెడదాం."

నాకు ప్రాణం లేచి వచ్చింది. నేనే అన్నీ చెప్పి చేయించాను. జూన్‌లో కాలువలు వదిలేటప్పుడు లాకుల దగ్గర ఏం చేస్తారో నాకు కదా తెలుసు. దొడ్లో మొక్కల మధ్య బోదె శుభ్రం చేయించాను. కుళాయికి పసుపు రాసి బొట్లు పెట్టాను. పళ్ళెంలో పసుపు, కుంకుమ, బంతిపూలు. కొబ్బరికాయ. సాయిబుగారు పాత పంచె అంచు చింపి ఇద్దరు ముసలమ్మలకి చిన్న జెండాలు కుట్టిచ్చారు. ఇరవై మంది దాకా కర్రలు పట్టుకుని, గోడలు పట్టుకుని వచ్చి బోదెకి రెండు వైపులా నిలబడ్డారు. కొందరికి ఇదెందుకో కూడా తెలియదు, పండగనుకుని మంచి చీరలు కట్టుకున్నారు. ఆయన్ని చక్రాల కుర్చీలో తెచ్చి ముందు పెట్టాం. మేడమ్ రిజిస్టరు చంకలో పెట్టుకుని కొబ్బరికాయ కొట్టారు. నేను కుళాయి విప్పాను. నీళ్ళు పూల మీంచి బోదెలోకి దిగాయి.

"నీళ్ళొదిలేరండోయ్!" అని సాయిబుగారు కేకేశారు. అందరూ అందుకున్నారు.

నేను ఆయన్నే చూస్తున్నాను. ఆయన నీళ్ళని చూశారు. తరవాత తలెత్తి ప్రహరీ గోడ అవతలికి చూశారు. అక్కడ చేను పండి ముదురు పసుపు రంగులో ఉంది. దూరంగా రోడ్డు వార కోత మిషను ఆగి ఉంది. అది మా ఎవరికీ తట్టలేదు. ఇరవై మందిమి ఉండి, అందులో సగంమంది వ్యవసాయం చేసి వచ్చినవాళ్ళమై ఉండి, ఒక్కరికీ తట్టలేదు.

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. వారం రోజులుగా ఎవరో పట్టుకుంటే తప్ప లేవని మనిషి. నాలుగడుగులు తానే నడిచి వచ్చారు. నన్ను పక్కకి నెట్టారు.

"ఎవరు వదల్మన్నారు? కోతలు కాలేదు, కనపడట్లేదా? చేలో నీళ్ళెక్కితే మిషను దిగబడిపోద్ది. రైతుల నోట్లో మట్టి కొడతారా?"

కుళాయి కట్టేశారు. కట్టేసి, తడిసిన చేతులు పంచెకి తుడుచుకున్నారు. వేళ్ళ మధ్య మిగిలిన తడి కూడా నోటికి తగలనివ్వలేదు.

తానే లేచి నడిచారని అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ సంతోషంతో టిక్కు పెట్టారు. ఆ రిజిస్టర్లో అదే ఆయన చివరి టిక్కు. మర్నాడు పొద్దున్న ఆయన కళ్ళు తెరవలేదు. డాక్టరు గారు వచ్చి సెలైను పెట్టించి, ఒంట్లో నీళ్ళు బొత్తిగా లేవు, ఇక్కడ ఉంచితే దక్కరు అన్నారు. మధ్యాహ్నం ఏలూరు నుంచి వ్యాను వచ్చింది. నేను వ్యాను తలుపు పట్టుకుని వేలాడాను. నలుగురూ చూస్తున్నారనే సిగ్గు కూడా లేదు. సూపర్‌వైజర్ గారే నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశారు, మెల్లగానే.

మూడో రోజు అక్కడి సిస్టరు ఫోను చేసింది. "బాగున్నారమ్మా. సెలైను తీసేసేం. నీళ్ళు తాగుతున్నారండీ, ఎంతిస్తే అంత."

"మీరేం చెప్పేరమ్మా ఆయనకి?"

"ఏం చెప్తామండీ? గ్లాసిచ్చేం, తాగేరు."

నేను పూజగది ముందు కూలబడి ఏడ్చాను. ఆదివారం దెందులూరు మీదుగా బస్సులో ఏలూరు వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. బుగ్గలు కాస్త తేరాయి. చేతిలో స్టీలు గ్లాసుంది, సగం తాగి ఉన్నారు. నన్ను చూశారు. ముఖం విప్పారింది. పేరు పెట్టి పిలిచారు, చాలా రోజుల తరవాత. పిలిచి, చేతిలో గ్లాసు నాకు అందించారు.

"ఎండలో వచ్చేవు. తాగు."

"నేను తాగేనండీ. మీరు తాగండి."

"నువ్వు తాగు. జూను దాకా రావాలి."

ఆ రోజు ఆయన మళ్ళీ ఒక్క గుక్క కూడా తాగలేదు. నేను వెళ్ళిపోయాక మర్నాడు మధ్యాహ్నానికి గాని మామూలు కాలేదట. తరవాతి ఆదివారమూ అంతే. సిస్టరు నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, నా చెయ్యి పట్టుకుని, చెప్పడానికి ఎంతో ఇబ్బంది పడింది. "ఏమీ అనుకోకండమ్మా. మీరు ఎదురుగా ఉంటే ఆయన నీళ్ళన్నీ మీకోసం దాస్తున్నారండీ. మీరు లేకపోతే ఆ ధ్యాసే ఉండదు."

కాలువలు కట్టేశారని మొదట ఆయనతో అన్నది నేనేనని ఆ అమ్మాయికి అప్పుడు చెప్పాను. అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పటికీ ఆదివారాలు వెళ్తున్నాను, ఆయన గదిలోకి మాత్రం వెళ్ళను. ఆయన మంచం మీద వరండా కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుంటారు. పదకొండు గంటలకి సిస్టరు గ్లాసు పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడి, నా వైపు చూడకుండా, ఇస్తుంది. ఆయన తల వెనక్కి వాల్చి గటగటా తాగుతారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వరండాలో ఆ కిటికీ పక్కన నిలబడి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగి వచ్చేస్తాను.